నూనెమిట్ట మీద తడి అడుగులు

పోయిన వారం మా మాగోహాచి నోరు జారిన దగ్గర ఆపాను. ఈ వారం జరిగినదంతా ఆ ఒక్క మాట వల్ల వచ్చిందే. అందుకని కొత్తగా చదివేవాళ్ళ కోసం దాన్ని మళ్ళీ చెబుతాను. పాతవాళ్ళు అంతసేపూ ఒక దమ్ము లాగి రండి.

కింద వీధిలో ట్రాము పట్టాలు పరుస్తున్నారు. మా అడ్డాలో పద్నాలుగు రిక్షాలు. ఇక మీదట ఎనిమిది బళ్ళకే పని దొరుకుతుందని మేస్త్రీ ఇవాగొరో తేల్చాడు. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో చూడడానికి ఒక పరీక్ష పెట్టాడు. నలభై అయిదు దాటినవాళ్ళంతా తనను ఎక్కించుకుని నూనెమిట్ట ఎక్కాలి. మధ్యలో ఆగకూడదు. వెనక తోసే మనిషి ఉండకూడదు. మేస్త్రీ కూర్చుంటే సీటు మూలుగుతుంది. నూనెమిట్ట సంగతంటారా, వాన పడితే అక్కడ గుర్రాలు కూడా మోకాళ్ళ మీద కూలబడతాయి.

మిగతా ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. యాభై రెండేళ్ళ మాగోహాచి మాత్రం పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా మేస్త్రీ? రోజు విడిచి రోజు రికు పంతులమ్మగారిని ఎక్కించుకుని ఎక్కే మిట్టేగా! మీతో పాటు మీ సారాపీపా కూడా ఎక్కించండి, చూద్దాం. మధ్యలో ఆగానంటే అక్కడికక్కడే ఈ కోటు విప్పి మీ చేతిలో పెడతా. ఒట్టు!"

కోటు అంటే నీలం కోటు. వీపు మీద తెల్లటి వలయంలో మా అడ్డా గుర్తు ఉంటుంది. అది ఒంటి మీద ఉన్నవాడు అడ్డాలో బల్ల మీద కూర్చుని టీ తాగుతాడు, పిలుపు రాగానే లేస్తాడు. అది లేనివాడు స్టేషను గోడల వెంట తచ్చాడుతూ, పోలీసు కనబడితే సందులోకి దూరుతూ, వచ్చేపోయేవాళ్ళని బతిమాలుకుంటూ బతుకుతాడు. నాకెలా తెలుసంటారా? నా కోటు తిరిగి ఇచ్చేసి మూడేళ్ళయింది.

నా పేరు తొమెజో. ఒకప్పుడు మాగోహాచి పక్కన నా రిక్షా నిలబడేది. ఒక చలికాలం మంచు మీద చక్రం జారి నా ఎడమకాలి వేళ్ళు రెండు నలిగి తెగిపోయాయి. అప్పటి నుంచి నూనెమిట్ట అడుగున నిలబడి, బరువు బళ్ళు ఎక్కేటప్పుడు వెనక నుంచి తోసి పొట్ట పోసుకుంటున్నాను. రిక్షా లాగేవాళ్ళకి మేమంటే చులకన. లాగేటప్పుడు నేనూ అలాగే చూసేవాణ్ణి, కాబట్టి ఫిర్యాదు చెయ్యడానికి నాకు హక్కు లేదు.

మాగోహాచి ఆ ఒట్టు వేసినప్పుడు వాణ్ణి ఆపాలనిపించింది. ఎందుకంటే వాడికి తెలియనిది నాకు తెలుసు. ఏడాదిన్నరగా నూనెమిట్ట ఎక్కుతున్నది వాడొక్కడే కాదు.

పోయిన ఏడు వానాకాలంలో ఒకరోజు రికు పంతులమ్మ నా దగ్గరికొచ్చింది. ఆవిడ మిట్ట పైన ఉన్న పెద్ద ఇంట్లో పిల్లకి షమిసెన్ వాయించడం నేర్పుతుంది. అరవై దాటిన మనిషి, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. మాగోహాచి అటు తిరిగి చక్రానికి నూనె పెడుతున్నాడు.

"తొమెజో, రెండో మలుపు దగ్గర వాడి కాళ్ళు వణుకుతున్నాయి. సీట్లో కూర్చున్న నాకు తెలుస్తోంది. వాడికి తెలియనట్టుంది" అంది.

"వేరే రిక్షా మాట్లాడుకోండి పంతులమ్మగారూ."

"ఇరవై ఏళ్ళుగా వాడి బండే ఎక్కుతున్నాను. వాడు నొగలు దించితే ఒళ్ళో పాపని పడుకోబెట్టినట్టుంటుంది, నా మెడ కదలదు. ఇంకొకడి బండి నేను ఎక్కను. నువ్వే వెనకనుంచి ఓ చెయ్యి వెయ్యి. వాడికి మాత్రం తెలియకూడదు."

తెలియకుండా తొయ్యడం! ఆవిడకేం, మాట అనేసింది. నొగలు, అంటే బండి లాగే ఆ రెండు కర్రలు, పట్టిన చేతులకి బండిలో చీమ పాకినా తెలుస్తుంది. గట్టిగా తోస్తే నొగలు పైకి లేస్తాయి, ఆలస్యంగా తోస్తే కుదుపు వస్తుంది. వాడి కాలు నేలకి ఆనే క్షణం, వాడి ఊపిరి బయటికొచ్చే క్షణం చూసుకుని, వాడికి ఎంత బలం తక్కువైతే అంతే నేను ఇవ్వాలి. చిటికెడు కూడా ఎక్కువ కాకూడదు. మొదటి మలుపు దాటాక చెయ్యి వేసి, పైన రాతిదీపం కనబడగానే తీసెయ్యాలి. అడుగుల చప్పుడు వినబడకుండా గడ్డిచెప్పుల్ని మురిక్కాలవలో బాగా నానబెట్టి వేసుకునేవాణ్ణి. తడిసిన గడ్డి నేల మీద మాట్లాడదు. పంతులమ్మ మబ్బు పట్టిన రోజున కూడా ఎండ అంటూ రిక్షా గూడు ఎత్తించేది, వాడు తల తిప్పినా నేను కనబడకుండా. నెలకో పొగాకు పొట్లం నాకు ఇచ్చేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా జన్మలో ఇంత మంచి పని నేను చెయ్యలేదు. లాగే రోజుల్లో కూడా చెయ్యలేదు. బాధల్లా ఒకటే, ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

సరే, పరీక్షకి ముందురోజు. చెప్పేద్దామని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. రేపు మేస్త్రీ మనుషులు మిట్ట పొడుగునా నిలబడతారు, వెనక చెయ్యి వెయ్యడం కుదరదు. చెప్పకపోతే వాడు అందరి ముందూ రెండో మలుపులో కుప్పకూలతాడు. చెబితే ఈరోజే, ఇక్కడే కూలతాడు. ఎటు చూసినా వాడే పడుతున్నాడు, నేను చూస్తూ నిలబడుతున్నాను. ఇంతలో వాడే పంతులమ్మని ఎక్కించుకుని వచ్చాడు.

"ఏంరా తొమె, ముఖం అలా పెట్టావు? రేపు నేను నెగ్గాక నీకో గిన్నె నూడుల్సు పెట్టిస్తాలే" అని కన్ను గీటి మిట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. నేను కాలవలోంచి చెప్పులు తీసి తొడుక్కుని వెంటపడ్డాను. చెప్పడం తరవాత చూసుకోవచ్చు, ముందు వాణ్ణి పైకి చేర్చాలి.

మామూలుగా అయితే పైన పాఠం గంటసేపు సాగుతుంది. ఆ గంట మాగోహాచి ప్రహరీ నీడలో కూర్చుని బండి తుడుచుకుంటాడు. నా అడుగులు ఎండకి ఎప్పుడో ఆరిపోతాయి. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆ ఆలోచన నా బుర్రకి తట్టలేదు. ఆ రోజు ఆ ఇంటి పిల్లకి జ్వరం. పాఠం లేదని గుమ్మంలోనే చెప్పి పంపేశారు. మాగోహాచి ఉన్న పళాన బండి తిప్పి దిగడం మొదలుపెట్టాడు.

పదిహేను రోజులుగా వాన లేదు. మిట్ట తెల్లగా ఎండిపోయి ఉంది. దాని మీద రెండు చక్రాల జాడల మధ్య, మొదటి మలుపు నుంచి రాతిదీపం దాకా, నల్లగా నా తడి అడుగులు. రాతిదీపం దగ్గర పక్కకి తిరిగి, మళ్ళీ కిందకి. ప్రతి ఎడమ అడుగు ముందూ, చెప్పు అంచు దాటి, మూడే వేళ్ళ గుర్తులు.

నేను మిట్ట మధ్యలో ఉన్న టోఫు కొట్టు దాకా దిగానో లేదో, వెనక చక్రాలు ఆగిన చప్పుడు. తిరిగి చూశాను. వాడు నొగలు పొట్టకి ఆనించి బరువు ఆపుకుంటూ నేలకేసి చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. నా చెప్పుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"తొమె, ఇవేంట్రా?"

నేను వంగి చెప్పులు విప్పబోయాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయినేడు వానలప్పటి నుంచి."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

"ఎక్కణ్ణుంచి చెయ్యి వేస్తావు?"

"మొదటి మలుపు దాటాక."

వాడు తల పంకించాడు, దారి అడిగి తెలుసుకున్నవాడిలా. తరవాత అడిగిన ప్రశ్నే నన్ను చంపింది. "ఇంకెవరికి తెలుసు?"

టోఫు కొట్టు ముసల్ది గబుక్కున తొట్టి వెనక్కి వంగింది. ఎదురింట్లో చాపలు నేసేవాడు చాపలోకి తల దూర్చేశాడు. మిట్ట మిట్టంతటికీ తెలుసు, వాడికి తప్ప. అది వాడికి ఆ క్షణంలో అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేనే చెయ్యమన్నాను మాగోహాచీ" అంది గూట్లోంచి పంతులమ్మ. "వాణ్ణేమీ అనకు."

"మిమ్మల్ని నేనేమంటానమ్మా!" అన్నాడు వాడు. "నా కాళ్ళు పోయాయని మీకు తెలిసిననాడు ఒక్క మాట చెప్పి ఇంకో బండి ఎక్కాల్సింది. ఎక్కాను, ఎక్కాను అని నేను ఊరంతా చెప్పుకున్నాను. సారాకొట్లో చెప్పుకున్నాను. మేస్త్రీ ముందు చెప్పుకున్నాను. ఇంకొకడి చెమటని నా చెమటని చెప్పుకున్నానమ్మా."

"నీ బండిలో తప్ప నాకు ఎక్కడా నిమ్మళం లేదురా" అంది ఆవిడ. ఆవిడ ఏడుస్తోందని గూటి చాటునున్నా తెలుస్తూనే ఉంది.

వాడు ఆవిణ్ణి ఎప్పటిలాగే మెల్లగా దించుకుంటూ వెళ్ళి, ఇంటి ముందు వదిలి, ఖాళీ బండితో తిరిగొచ్చాడు. నేను మిట్ట అడుగునే నిలబడి ఉన్నాను. ఎక్కడికి పోతాను?

"ఎక్కు" అన్నాడు.

"మాగో, వద్దురా."

"ఎక్కమన్నానా! మేస్త్రీలో సగం ఉంటావు. నువ్వు లేకపోతే నేనెంతో నాకు తెలియాలి."

ఎక్కాను. మూడేళ్ళయింది రిక్షా నొగల మధ్య నిలబడి. సీట్లో కూర్చోవడం మాత్రం జీవితంలో అదే మొదటిసారి. వాడు నొగలెత్తాడు. ఎంత మెత్తగా ఎత్తాడనుకున్నారు! పంతులమ్మ ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టుకు వేలాడిందో నాకు అప్పుడు తెలిసింది. మొదటి మలుపు దాకా వాడి వీపు చూస్తుంటే పాత మాగోహాచే. నీలం కోటు మీద తెల్లటి వలయం అటూ ఇటూ లెక్కగా ఊగుతోంది.

మలుపు దాటాం. నా చేతులు వాటంతటవే ముందుకి కదిలాయి, కాని వాటి ముందు తొయ్యడానికి ఏమీ లేదు. నేను బరువు వైపు కూర్చున్నాను.

టోఫు కొట్టు ముందర వలయం లెక్క తప్పింది. సీటు కింద నుంచి సన్నగా వణుకు మొదలైంది. అది చక్రానిది కాదు, వాడి తొడలది, నొగల మీదుగా నా నడుములోకి వస్తోంది. పంతులమ్మ చెప్పిన వణుకు ఇదే. ఏడాదిన్నర నేను దాచిపెట్టిన వణుకు ఇదే.

"దిగుతానురా" అన్నాను.

"కదిలావంటే చంపుతా." రొప్పుతూ అన్నాడు. "ఎక్కినవాణ్ణి మిట్ట మధ్యలో దింపాడని నాకు పేరు తేకు."

ఇది మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద అవమానం. ఎక్కినవాడు మధ్యలో జాలిపడి దిగి నడిస్తే లాగేవాడు బతికుండీ చచ్చినట్టే. ఆ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి కదలకుండా కూర్చున్నాను. తోసే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నా స్నేహితుడు అంగుళం అంగుళం ఓడిపోవడం చూస్తూ కూర్చున్నాను. అంతకన్నా నరకం నాకు తెలియదు.

వాడు ఇంకో పది అడుగులు లాగాడు. మడమ జారింది. బండి జానెడు వెనక్కి వచ్చింది. వాడు కంగారుపడకుండా చక్రాన్ని అడ్డంగా తిప్పి గట్టు రాయికి ఆనించాడు. బలం పోయినా పనితనం పోలేదు. నొగలు మెత్తగా దించాడు. నా మెడ కదల్లేదు.

ఆగిపోయాం. రాతిదీపం ఇంకా ముప్ఫై అడుగుల దూరంలో ఉంది.

వాడు గట్టు మీద కూర్చుని తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. టోఫు ముసల్ది రెండు గిన్నెల్లో నీళ్ళు తెచ్చి మా మధ్య పెట్టి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

"ఒళ్ళు బాగాలేదని చెప్పరా" అన్నాను. "రేపు రానని కబురు పంపుదాం."

"ఎల్లుండి ఏమని చెప్పమంటావు?"

నేను నీళ్ళ గిన్నె వాడి చేతికిచ్చాను.

"ఒక్కటి చెప్పు తొమె" అన్నాడు తాగాక. "నాకు తెలియకుండా ఎలా తోశావురా? ఈ చేతులకి తెలియకుండా?"

చెప్పాను. కాలు ఆనే క్షణం, ఊపిరి వదిలే క్షణం, చిటికెడు ఎక్కువ కాకుండా. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. పని తెలిసినవాడు పని గురించి వింటున్నట్టే విన్నాడు. అంతా అయ్యాక, "నా కన్నా నువ్వే గొప్ప పనివాడివి, వెధవా" అన్నాడు. ఏడాదిన్నరగా ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూశాను. వాడి నోటి నుంచి వినగానే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అడ్డా అంతా మిట్ట అడుగున చేరింది. వాడికన్నా ముందు వెళ్ళిన ఇద్దరు ముసలివాళ్ళు రెండో మలుపులోనే ఆగిపోయి, కోట్లు మడిచి ఇచ్చేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయారు. నేను మాత్రం అలవాటు కొద్దీ చెప్పులు నానబెట్టుకునే వచ్చాను. మేస్త్రీ మనుషులు చూడకుండా చాపల కొట్టు పక్క సందులోంచి దూరి ఒక్క పది అడుగులు తొయ్యగలనేమోనని. కుదరదని నాకూ తెలుసు. ఊరికే నిలబడడం చేతకాక అలా వచ్చాను.

మేస్త్రీ ఎక్కి కూర్చున్నాడు. సీటు మూలిగింది. మాగోహాచి నొగల మధ్యకి వెళ్ళి, ఎత్తకుండా, గుంపు వైపు తిరిగాడు.

"తొమెజో! ఇలా రా."

నీళ్ళు కారే చెప్పులతో వెళ్ళాను. వాడు నా కాళ్ళకేసి చూసి నవ్వాడు. ప్రతి రిక్షాకీ నొగల కింద విడి గడ్డిచెప్పుల జత ఒకటి వేలాడుతుంది, దారిలో తెగితే మార్చుకోవడానికి. దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"అవి తీసేసి ఇవి వేసుకో. ఇవాళ నీ అడుగులు వినబడాలి."

గుంపు ఇంకా దగ్గరికి జరిగింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు మేస్త్రీ. "వెనక మనిషి ఉంటే చెల్లదని చెప్పాను కదా."

"చెప్పారు మేస్త్రీ. నేను ఏడాదిన్నరగా ఈ మిట్టని ఒంటరిగా ఎక్కలేదు. ఎక్కానని మీ ముందు చెప్పుకున్నది నాది కాని పని. ఆ పని చేసిన మనిషి వీడు. ఇన్నాళ్ళూ ఎలా ఎక్కానో ఇవాళ అందరూ చూడాలి." కోటు విప్పాడు. గుర్తు పైకి వచ్చేలా మడిచి మేస్త్రీ ఒళ్ళో పెట్టాడు. "ఆగనని ఒట్టు వేశాను. అది మాత్రం నాదే. పైకి చేరేదాకా దీన్ని మీరు పట్టుకోండి. చేరాక ఎవరికివ్వాలో మీరే చెప్పండి."

మేస్త్రీ తన ఒళ్ళో కోటు వైపు, తరవాత పొడి చెప్పుల తాళ్ళు బిగించుకుంటున్న నా వైపు చూశాడు. 

"లేపుతున్నాను మేస్త్రీ" అని మాగోహాచి నొగలెత్తాడు.

మొదటి మలుపు దాకా నేను ముట్టుకోలేదు. అది వాడి వాటా. మలుపు దాటగానే చేతులు వేశాను, ఈసారి దొంగలా కాకుండా, రెండు అరచేతులూ నిండుగా. టపటపమని నా చెప్పులు మిట్టంతా మోగాయి. వాడు ఆ చప్పుడుకి తన అడుగు కలిపాడు. ఏడాదిన్నరగా నేను వాడి ఊపిరి వెతుక్కుంటూ తోశాను. ఇప్పుడు వాడు నా అడుగు వింటూ లాగుతున్నాడు. మేస్త్రీ బరువు కొండలా ఉంది, అయినా బండి ఎక్కుతోంది. చాపల కొట్టు వెనకబడింది. టోఫు ముసల్ది తొట్టి ముందుకొచ్చి నిలబడి చూస్తోంది. నిన్న మేం ఆగిపోయిన గట్టు రాయి దాటాం. రాతిదీపం కనబడింది.

అప్పుడు సీట్లోంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"ఆపు."

ఎక్కినవాడు ఆపమంటే ఆపి తీరాలి. నొగలు పట్టిన మొదటిరోజు మాకు నేర్పే పాఠం అదొక్కటే. ఆపితే వాడి ఒట్టు పోతుంది, ఒట్టుతో పాటు కోటు పోతుంది. నేను ఊపిరి బిగబట్టి తోస్తూనే ఉన్నాను.

"మాగోహాచీ, ఆపమంటున్నానా!"

ముందు నుంచి వినబడుతున్న అడుగులు ఆగిపోయాయి. బండి బరువంతా ఒక్కసారిగా నా అరచేతుల మీదికి వచ్చింది. మిగతాది వచ్చే వారం.